పాత డైలు, ట్యాపులు ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు చూసుకోవాల్సినవి

ఎం6, ఎం8, ఎం10, ఎం12. ఈ నాలుగు మిల్లీమీటర్ల సైజుల్లో డైలు (రాడ్డు మీద మర కోసేవి), ట్యాపులు (రంధ్రం లోపల మర కోసేవి) సెకండ్ హ్యాండ్‌వి కొనొద్దు. రాజాంలోనో, చీపురుపల్లిలోనో, కాదంటే శ్రీకాకుళంలోనో పెద్ద హార్డ్‌వేర్ షాపుకి వెళ్తే కొత్తవే దొరుకుతాయి. టోటెం లాంటి పేరున్న సరుకు బిల్లుతో తెచ్చుకోవచ్చు. ఫోన్లో సగం ధరకి కనిపించాయని వాటి వెంట పడితే, కొరియర్ ఖర్చు పోగా మిగిలేది టీ డబ్బులు.

పాతవి వెతకాల్సింది షాపులో దొరకని సైజుల కోసం. రాజాంలో మా లేత్ షాపుకి చెరుకు సీజన్లో సంకిలి ఫ్యాక్టరీకి తోలే ట్రాక్టర్ల పని వస్తుంది, మిగతా రోజుల్లో రైస్ మిల్లుల పని, ఏడాది పొడవునా జూట్ మిల్లు సామాను. ట్రాక్టర్లతో పెద్దగా తలనొప్పి లేదు. తిప్పలన్నీ జూట్ మిల్లు పాత మిషన్లతోనే. అవి అంగుళాల కాలం నాటివి. ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ప్రతిపాదించిన కొలతల మరలు ఇప్పటికీ వాటిలో కనిపిస్తాయి. 3/4 అంగుళానికి అంగుళం పొడవున 10 మరలు, 7/8కి 9, ఒక అంగుళానికి 8. ఈ సైజుల్లో మంచి డై కావాలని షాపులో అడిగితే ఆర్డర్ పెట్టాలంటారు, ఎప్పుడొస్తుందో చెప్పరు. ఎడమ మర (ఎడమవైపు తిప్పితే బిగిసేది) డై అయితే మరీ అరుదు.

లేత్ ఉంది కదా, దాని మీదే మర కోసేయొచ్చు కదా అని మా బావమరిది అడుగుతుంటాడు. షాఫ్ట్ ఊడదీసి తెచ్చిస్తే కోస్తాం. మిల్లులో మిషన్‌కి బిగించి ఉన్న స్టడ్ (తల లేని బోల్టు) మర దెబ్బతింటే లేత్‌ని మోసుకెళ్లలేం కదా. అక్కడే డై పెట్టి తిప్పాలి.

పాతవాటి కోసం నేను చూసేవి ఓఎల్ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్, మనలాంటి మెషినిస్టుల వాట్సాప్ గ్రూపులు. ఇండియామార్ట్‌లో ఎక్కువగా డీలర్లే ఉంటారు. పాత సరుకు అని పెట్టినా ఒక్కోసారి వాళ్ల దగ్గర ఉండేది ఏళ్ల తరబడి అమ్ముడుపోని కొత్త సరుకే, అది ఇంకా మేలు. నాకు అన్నిటికన్నా నమ్మకం కుదిరేది విశాఖలో ఏ పెద్ద ఫ్యాక్టరీలోనో ఫిట్టర్‌గా చేసి, రిటైరయ్యాక ఇంటి దగ్గర చిన్న వర్క్‌షాపు నడిపి, ఇప్పుడు చేతకాక అమ్మేసుకుంటున్న పెద్దాయన. ఆయన ఏ డై ఎందుకు కొన్నాడో చెప్పగలడు. తుక్కు వ్యాపారి దగ్గర ధర తక్కువే గానీ ఆయన తూకం లెక్కన కొన్న మనిషి, డై గురించి ఏం అడిగినా "బాగుంది గురూ" అనే అంటాడు. డై మీద ఏదైనా కంపెనీ పేరో, స్టోర్ నంబరో చెక్కి ఉంటే ఎలా వచ్చిందో అడగండి. దొంగ సొత్తని తెలిసి కొనడం కూడా నేరమే.

ఇక అసలు సంగతి. అమ్మేవాళ్లు రాసే సైజుని నమ్మకండి. "అరంగుళం డై" అని పెడతారు. ఏ అరంగుళం? విట్‌వర్త్ అయితే అంగుళానికి 12 మరలు, అమెరికా వాళ్ల యూఎన్‌సీ అయితే 13. చూడ్డానికి రెండూ ఒకటే. 12 మరల బోల్టుకి 13 మరల నట్టు పెడితే ఓ రెండు చుట్లు తిరిగి పట్టేస్తుంది, ఇంకా బిగిస్తే రెండూ పోతాయి. 1/4, 5/16, 3/8 సైజుల్లో రెంటికీ మరల లెక్క ఒకటే గానీ మర పళ్ల కోణం వేరు. విట్‌వర్త్‌కి 55 డిగ్రీలు, యూఎన్‌సీకి, మెట్రిక్‌కి (మిల్లీమీటర్ల మరలకి) 60. అందుకని డై మీద చెక్కిన అక్షరాలు కనపడేలా దగ్గరి ఫోటో అడగండి. బిఎస్‌డబ్ల్యు (విట్‌వర్త్) అనో, యూఎన్‌సీ అనో, ఎం10×1.5 అనో, ఎడమ మర అయితే ఎల్‌హెచ్ అనో ఉండాలి. అక్షరాలు అరిగిపోతే ఆ డైతో కోసిన రాడ్డు పక్కన స్టీలు స్కేలు పెట్టి ఫోటో తియ్యమనండి. అంగుళంలో ఎన్ని మరలు పడ్డాయో మీరే లెక్కపెట్టుకోవచ్చు. కోణం మాత్రం ఫోటోలో తేలదు, దానికి పిచ్ గేజ్ (మరకి ఆనించి సరిపోల్చే పళ్ల రేకులు) పెట్టి చూడాల్సిందే.

హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీలు) అని చెక్కి ఉందా లేదా అన్నది తర్వాత చూసేది. లేకపోతే చాలావరకు కార్బన్ స్టీలు అనుకోవచ్చు. అదేమీ పనికిరానిది కాదు. పాడైన మరని చేత్తో సరిచేసే పనికి కార్బన్ స్టీలు డై చాలు, ధర కూడా తక్కువ. మిషన్‌కి పెట్టి వరసగా కొత్త మరలు కోసే పనైతే వేడికి దాని పదును పోతుంది, హెచ్ఎస్ఎస్సే తీసుకోండి.

ఫోటోలు పగటి వెలుతురులో, పక్కనుంచి వెలుగు పడేలా కావాలి. ఫ్లాష్ వేసి తీస్తే అన్ని పళ్లూ మెరుస్తాయి, అరుగుదల తెలియదు. చూడాల్సింది లోపలి మొదటి రెండు మూడు పళ్లు. కోత భారమంతా మోసేవి అవే. మొనల మీద సన్నగా తెల్ల గీత మెరుస్తుంటే పదును పోయినట్టు. పన్ను విరిగి ఉంటే ధర ఎంతైనా వదిలేయండి. మీద తుప్పు ఉంటే భయపడక్కర్లేదు, కిరసనాయిల్లో నానబెట్టి బ్రష్షుతో రుద్దితే పోతుంది. తుప్పు తిని గుంటలు పడ్డది వేరు. ఆ గుంటలు పళ్ల మొనల మీద ఉంటే ఆ డై కోయదు, చీలుస్తుంది. పళ్ల దగ్గర నీలంగానో గోధుమ రంగుగానో మరక ఉంటే ఎవరో గ్రైండర్ మీద పెట్టి కాల్చేశారని అర్థం. అలాంటిదాన్ని ఉచితంగా ఇచ్చినా తీసుకోను.

గుండ్రటి చీలిక డైలలో ఇంకోటి చూడాలి. డై హ్యాండిల్‌కి మూడు స్క్రూలు ఉంటాయి. మధ్యది చీలికలోకి దిగి డైని విప్పుతుంది, పక్క రెండూ నొక్కి ముడుస్తాయి. పని తెలియని గుంటడెవడో మధ్య స్క్రూ మరీ బిగించేస్తే చీలికకి సరిగ్గా ఎదురు వైపు సన్నటి పగులు వస్తుంది. ఆ వైపు ఫోటో విడిగా అడగండి. అడగ్గానే బేరం మాటల్లోకి దిగి ఫోటో పంపకపోతే పగులుందనే లెక్క.

బయటి కొలత మరిచిపోకండి. అంగుళాల డైలు ఎక్కువగా 1 అంగుళం, 1 5/16, 1 1/2, 2 అంగుళాల బయటి వ్యాసంతో వస్తాయి. మెట్రిక్ డైలు 20, 25, 30, 38 మిల్లీమీటర్లు అలా ఉంటాయి. ఒక అంగుళం అంటే 25.4 మిల్లీమీటర్లు, అంత డై మీ 25 మిల్లీమీటర్ల హ్యాండిల్లో కూర్చోదు. వెర్నియర్ (కచ్చితంగా కొలిచే పరికరం) పెట్టి ఫోటో తీసి పంపమంటే సరి. వెర్నియర్ లేదన్నాడంటే అతను మెషినిస్టు కాదని కూడా తెలిసిపోతుంది.

ఫోటోలు నచ్చాక వీడియో అడుగుతాను. దీని దగ్గర మొహమాటపడొద్దు. డై మీది అక్షరాలు చూపించి, అదే షాట్‌లో ఎంఎస్ (మెత్తటి ఉక్కు) రాడ్డు మీద ఓ అరంగుళం పొడవున మర కోసి, దాని మీద కొత్త నట్టు తిప్పి చూపించాలి. పదునున్న డై అయితే ఇనుము చుట్టలుగా, ముక్కలుగా వస్తుంది. పొడి రాలుతుంటే, మర మొనలు చిరిగినట్టు గరుగ్గా ఉంటే అది రుద్దుతోంది తప్ప కోయట్లేదు. నట్టు కూడా సరైనదే కావాలి. ఎం10 నట్టు 3/8 విట్‌వర్త్ రాడ్డు మీద కూడా వదులుగా కొన్ని చుట్లు ఎక్కేస్తుంది. రెంటికీ పిచ్ (మర నుంచి మరకి దూరం) దగ్గర దగ్గరే, 3/8ది 9.5 మిల్లీమీటర్ల రాడ్డు మరి. అందుకే నట్టు ఎక్కింది చూశావా అని చూపిస్తే సరిపోదు, ఆ నట్టు ఏ సైజో కూడా చూపించాలి.

ట్యాపులకైతే వేరే బాధ. చేతి ట్యాపులు సెట్టుకి మూడు. మొదటిది మొన బాగా సన్నబడి ఉంటుంది, రెండోది అంతకన్నా తక్కువ, మూడోది దాదాపు మొండిగా గుంట అడుగుదాకా కోస్తుంది. సెట్టు అని అమ్మే చాలా వాటిలో మూడూ వేర్వేరు సెట్ల నుంచి ఏరినవే. పక్కపక్కన పెట్టి తీసిన ఫోటోలో అక్షరాల తీరు, పొడవు, రంగు కలుస్తున్నాయో లేదో చూడండి. చతురస్రంగా ఉండే తల అంచులు గుండ్రంగా అరిగిపోతే రెంచి జారుతుంది. అద్దం మీద దొర్లించి వీడియో తియ్యమంటే వంగిన ట్యాపు ఎగరడం కళ్లకి కనిపిస్తుంది.

బోర్ల పని, ప్లంబింగ్ పని చేసేవాళ్లు పైపు డై సెట్ల కోసం అడుగుతుంటారు. ఇవి పాతవి కొన్నా లాభమే, పళ్లు అరిగితే పళ్ల సెట్టు మాత్రమే మార్చుకోవచ్చు, రాచెట్ హ్యాండిల్ చాలా ఏళ్లు వస్తుంది. మన జీఐ పైపులకి కావాల్సింది బీఎస్‌పీ టేపర్, అంటే మొన వైపు సన్నబడే బ్రిటిష్ పైపు మర. అరంగుళం, ముప్పావు అంగుళం పైపులకి అంగుళానికి 14 మరలు, ఒక అంగుళం నుంచి 2 అంగుళాల దాకా 11. విదేశీ సామానుతో వచ్చేది ఎన్‌పీటీ, అమెరికా వాళ్ల పైపు మర. అందులోనూ అరంగుళానికి, ముప్పావుకి 14 మరలే. అందుకే మన సాకెట్‌లోకి ఎక్కేస్తుంది, టేపు ఎంత చుట్టినా నీళ్లు కారతాయి. దాని కోణం 60, మన బీఎస్‌పీది 55 కదా. ఒక అంగుళం నుంచి 2 అంగుళాల దాకా ఎన్‌పీటీకి 11న్నర మరలు ఉంటాయి కాబట్టి అక్కడ వెంటనే బయటపడుతుంది. సెట్టులో తలలన్నీ ఉన్నాయా, ప్రతి తలలో నాలుగు పళ్లూ ఉన్నాయా, వాటి మీద 1, 2, 3, 4 అంకెలు వరసగా ఉన్నాయా అడగండి. వేరే సెట్టు పన్ను ఒక్కటి కలిసినా మర పాడే.

ఇంకో మాట. పాత డైలని వెతికేటప్పుడు అమెరికా అమ్మకాల్లో అందంగా డబ్బాలో పెట్టిన రెండు మూడు డైల సెట్లు కనిపిస్తాయి. పొడుగ్గా, బయటివైపు 7/8 అంగుళం, 14 మరల థ్రెడ్‌తో ఉంటాయి. అవి మర కోసేవి కావు, కాల్చేసిన తూటా గుల్లని మళ్లీ సైజుకి తెచ్చి తూటా తయారుచేసే ప్రెస్సుకి బిగించేవి. అక్కడ వేటగాళ్లకి, షూటర్లకి అదో హాబీ. ఇక్కడ లైసెన్స్ లేకుండా తూటాలు తయారుచేస్తే 1959 ఆయుధాల చట్టం కింద నేరం. మన లేత్ షాపులో దానితో పనేమీ లేదు, ధర చూసి ఆశపడి ఆర్డర్ పెట్టకండి.

ధర విషయంలో నా లెక్క ఒకటే. వీడియోలో బాగా కోసిన డైకి కొత్తదాని ధరలో సగం దాటి ఇవ్వను. ఎడమ మరకి, పెద్ద విట్‌వర్త్ సైజులకి మాత్రం ఈ లెక్క పట్టుకుని కూర్చోను, మిల్లు ఆగితే వాళ్లకి పోయేది అంతకన్నా ఎక్కువ, వాళ్లే ఇస్తారు. పెద్ద పెట్టె నిండా కలిపి అమ్మేవాళ్లుంటే, అందులో మీకు కావాల్సిన డైలకి మాత్రమే విడిగా ధర కట్టుకుని ఆ మొత్తానికే అడగండి. మిగతావి ఉచితమనుకోండి.

డబ్బు దగ్గర జాగ్రత్త. "నేను ఆర్మీలో చేస్తున్నాను, ట్రాన్స్‌ఫర్ అయింది, అర్జెంటుగా అమ్మేస్తున్నా" అని యూనిఫాం ఫోటో పంపి, టోకెన్ అడ్వాన్సు వేయమంటారు. ఆ కథ దేశమంతా తిరిగింది. రిఫండ్ వేస్తాను, ఈ క్యూఆర్ స్కాన్ చెయ్యండి అన్నా నమ్మొద్దు. యూపీఐలో మనకి డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పనిలేదు. పిన్ అడిగిందంటే మన డబ్బు పోతున్నట్టే. పోయిందని తెలిసిన క్షణంలోనే 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బుని ఆపడానికి అంత అవకాశం. విశాఖ, విజయనగరం లోపు సరుకైతే నేను బస్సెక్కి వెళ్లి చూసే తెచ్చుకుంటాను, జేబులో ఓ ఎంఎస్ ముక్క, సరైన నట్టు, పిచ్ గేజ్ ఉంటాయి.

దూరం నుంచి రప్పిస్తే ప్యాకింగ్ ఎలా చెయ్యాలో ముందే చెప్పండి. డైలు గట్టిపరచిన ఉక్కు. ఒకదానికొకటి కొట్టుకుంటే పళ్ల మొనలు రాలతాయి. ఒక్కోదాన్ని నూనె రాసి, గుడ్డలోనో మందపాటి కాగితంలోనో విడిగా చుట్టమనండి. పైపు డై సెట్టు బరువు ఎక్కువ కాబట్టి కొరియర్ కన్నా ఆర్టీసీ కార్గో చవక పడొచ్చు, రెండు చోట్లా అడగండి. పార్శిల్ విప్పేటప్పుడు మొదటి నుంచి చివరి దాకా వీడియో తీసి పెట్టుకోండి. పంపిన డై, ఫోటోలో చూపిన డై ఒకటే కాదని గొడవ పడాల్సి వస్తే అదొక్కటే ఆధారం.

వచ్చిన డైని ముందు కిరసనాయిల్లో కడిగి, ఎంఎస్ రాడ్డు మీదే పరీక్షించండి. ఈఎన్8 లాంటి గట్టి ఉక్కు మీదా, స్టెయిన్‌లెస్ మీదా మొదటి కోత వద్దు. రాడ్డు మొన అంచుని కాస్త ఏటవాలుగా అరగదీసి (చాంఫర్ చేసి), కోత నూనె వేసి, అరచుట్టు ముందుకి, పావుచుట్టు వెనక్కి తిప్పుతూ దించండి. డై వంకరగా దిగుతోందంటే తప్పు డైది కాకపోవచ్చు, హ్యాండిల్లో కూర్చునే చోట దుమ్మున్నా అలాగే అవుతుంది, తుడిచి మళ్లీ పెట్టండి. పని అయ్యాక నూనె రాసి మూత ఉన్న డబ్బాలో పెట్టండి. భావనపాడు, కళింగపట్నం వైపు సముద్రం ఒడ్డున ఉండేవాళ్లు గ్రీజు రాస్తే ఇంకా మంచిది, ఉప్పు గాలికి నూనె పూత ఎక్కువ రోజులు ఆగదు.