ఒక్క ఎద్దుతో నైరూప్య చిత్రకళ నేర్చుకోండి

నైరూప్య (అబ్‌స్ట్రాక్ట్) చిత్రమంటే రంగులు చిమ్మడమేనని పర్లాకిమిడిలో నా దగ్గరికి పిల్లల్ని పంపే తల్లిదండ్రులు చాలామంది అనుకుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మనసు నొచ్చుకుంటుంది. ఏది వదలాలో, ఏది వదలకూడదో తేల్చుకోవడమే ఈ విద్య. నేర్చుకోవడానికి ఒక్క ఎద్దు చాలు.

మొదట పెన్సిలు పట్టండి. మూపురం, గంగడోలు, గిట్టలతో సహా ఎద్దును పూర్తిగా గీయండి. బాగా చూడనిదాన్ని వదలడం కుదరదు కనుక ఈ మెట్టు దాటవేయకండి. ఆ బొమ్మ మీద పల్చటి కాగితం పరిచి, విడతకు ఒకటి చొప్పున మానేస్తూ మళ్ళీ గీయండి: ముందు నీడలు, తర్వాత కండలు, ఆ తర్వాత గిట్టలు. స్పెయిన్ చిత్రకారుడు పికాసో 1945-46లో లిథోగ్రాఫుల్లో, అంటే రాతిపలక మీద గీసి తీసే అచ్చుల్లో, ఈ పనే చేశారు. బలిసిన ఎద్దు కాస్తా 11 దశల్లో కొన్ని గీతలుగా మిగిలింది. అయితే అది యూరపు ఎద్దు, దానికి మూపురం ఉండదు. మీ బొమ్మలో మూపురం చెరిపి చూడండి, మన ఊరి ఎద్దు మాయమవుతుంది. వెంటనే తిరిగి పెట్టండి.

ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల సవర గిరిజనుల ఇడితాల్ గోడచిత్రాలు చూసే అవకాశం దొరికితే వదులుకోకండి. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండి తెలుపుతో వేస్తారు. మనుషుల ముఖాల్లో కన్నూ ముక్కూ వెతక్కండి. వంగిన నడుము, చాచిన చెయ్యి చూస్తే ఎవరు ఆడుతున్నారో, ఎవరు మోస్తున్నారో తెలిసిపోతుంది. ఇవి దేవతలకూ చనిపోయిన పెద్దలకూ వేసే బొమ్మలు. చూసి నేర్చుకోండి, నకలు తీసి మీ పేరు పెట్టుకోకండి.

తర్వాత గళ్ళ కాగితం మీద, నేత పద్ధతిలో. నేతలో ఉన్నవి పడుగూ పేకా మాత్రమే కనుక ఏటవాలు గీత మెట్లుమెట్లుగా మారుతుంది. బరంపురం పట్టుచీర అంచులో ఫొడా కుంభ అనే గుడి శిఖరాల నమూనాను దగ్గరగా చూస్తే ఇది అర్థమవుతుంది. ఎద్దును గళ్ళు నింపుతూ వేయండి, సగం గడి నింపవద్దు. చోటు చాలకపోతే కాళ్ళు కురచ చేయండి, కొమ్ములు మాత్రం తగ్గించకండి.

బంకమట్టితో చేసేటప్పుడు కాళ్ళు అసలే వద్దు, సన్నగా చేస్తే ఎండి విరుగుతాయి. గుప్పెడు ముద్దలో మెడ బరువు నిలిస్తే చాలు. పూరీ దారుమూర్తుల్లో సుభద్రకు చేతులు లేవు. జగన్నాథుని గుండ్రటి కళ్ళ ముందు నిలబడ్డవారికి ఏ లోటూ కనిపించదు. నా దృష్టిలో ఇంతకు మించిన పాఠం లేదు.

ఫోను కెమెరా తనంతట తాను ఏదీ వదలదు, జరగవలసింది మీరే. సాయంత్రపు ఏటవాలు ఎండలో, యజమానికి చెప్పి, ఎద్దుకు కనబడేలా దగ్గరికి వెళ్ళండి. ఫ్రేములో మూపురం వంపు, వెలుగు, నీడ తప్ప మరేమీ ఉండకూడదు. ఫ్రేములో ఎద్దు కన్ను పడిందంటే చూపంతా అటే పోతుంది.

మట్టి ఎద్దును బల్ల మీద పెట్టి, మిగతా మూడూ గోడకు అంటించి, సంగతి తెలియనివారిని పిలిచి ఏమి కనిపిస్తోందో అడగండి. ఫొటోను చూసి మహేంద్రగిరి కొండ అన్నా దిద్దకండి, వంపు నిలిచిందన్నమాట. గళ్ళ బొమ్మను చూసి కుర్చీ అంటే మాత్రం కొమ్ముల దగ్గర రెండు గళ్ళు పెంచి మళ్ళీ చూపండి.