ప్రభువులోకి కొత్తగా వచ్చారా, మొదటి ఏడాది కాస్త నిదానంగా నడవండి

మా సంఘంలో కొత్తగా నమ్ముకున్నవాళ్ళతో ఆదివారం ఆరాధన అయ్యాక కాసేపు కూర్చునే పని నాది, ఎవరొచ్చినా ప్రశ్నలు దాదాపు అవే ఉంటాయి, బైబిల్ ఎక్కడ మొదలుపెట్టాలి, ఇంట్లో ఎలా చెప్పాలి, బాప్తిస్మం ఎప్పుడు తీసుకోవాలి, ప్రసాదం పెడితే ఏం చెయ్యాలి, దశమభాగం ఇవ్వకపోతే శాపమా. అందుకే ఒకచోట రాసి పెడుతున్నా. నేను చూసినంతలో కొత్తవాళ్ళు దెబ్బతినేది చాలావరకు తొందర వల్లే, వాళ్ళ తొందర కొంత, చుట్టూ ఉన్న పాత విశ్వాసుల తొందర ఇంకొంత. పౌలు అంతటివాడే దమస్కు దారిలో ప్రభువుని చూశాక వెంటనే యెరూషలేము పరిగెత్తలేదు, అరేబియా వెళ్ళి మళ్ళీ దమస్కు వచ్చి మూడేళ్ళ తర్వాత వెళ్ళానని గలతీ మొదటి అధ్యాయంలో ఆయనే రాసుకున్నాడు. మీకు ఏడాది టైమ్ పడితే ఎవరికీ నష్టం లేదు.

బైబిల్ సంగతి ముందు. అందరూ ఆదికాండం నుంచి మొదలుపెడతారు, కథలు కాబట్టి బాగానే నడుస్తుంది, నిర్గమకాండంలో ఎర్రసముద్రం దాకా ఉత్సాహంగా ఉంటారు, 25వ అధ్యాయం నుంచి గుడారం కొలతలు, మూరలు, తెరలు మొదలవగానే నీరసం వస్తుంది, లేవీయకాండం దగ్గర పుస్తకం అలమరలోకి పోతుంది. అలా కాకుండా మార్కు సువార్త తీసుకోండి, 16 అధ్యాయాలే, రెండుమూడు రోజుల్లో మొత్తం అయిపోతుంది, ఒకసారి అయ్యాక మళ్ళీ మొదటి నుంచి నెమ్మదిగా చదవండి. తర్వాత లూకా, దాని వెనకాలే అపొస్తలుల కార్యములు, ఈ రెండూ రాసింది ఒకరే, వరసగా చదివితే కథ కలుస్తుంది. ఆ తర్వాత ఫిలిప్పీ, యాకోబు లాంటి చిన్న పత్రికలు, ఈలోపు పక్కన రోజుకో కీర్తన. కొత్త నిబంధన మొత్తం 260 అధ్యాయాలు, వారానికి అయిదు రోజులు రోజుకొకటి చొప్పున చదివినా ఏడాదికి సరిగ్గా సరిపోతుంది, మిగతా రెండు రోజులు తప్పిపోయినవి కవర్ చేసుకోవచ్చు. ప్రకటన గ్రంథం మాత్రం చివరికి పెట్టుకోండి, యూట్యూబ్‌లో 666 అంకె గురించి భయపెట్టే వీడియోలు చూసి బైబిల్ అక్కడ మొదలుపెట్టినవాళ్ళకి భయం పట్టుకుంటుంది తప్ప ఇంకేం మిగలదు.

భాష కష్టంగా ఉందంటారు, నిజమే, ఆ చెప్పెను చేసెనుల భాష ఎప్పటిదో. నా సలహా ఏంటంటే బయటికి వినపడేలా చదవండి, కొన్నాళ్ళకి చెవి అలవాటు పడిపోతుంది. అర్థం కానిచోట వాడుక భాషకి దగ్గరగా ఉన్న అనువాదం పక్కన పెట్టుకోండి, యూవర్షన్ యాప్‌లో తెలుగువి ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి.

ఇంకోటి, వచనం ఒక్కటే విడిగా పట్టుకుని వేలాడకండి. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో వాగ్దానం కార్డులు పంచుతారు కదా, అందులో యిర్మీయా 29:11 ఎవరో ఒకరికి గ్యారంటీగా వస్తుంది, సమాధానకరమైన ఉద్దేశాలు, నిరీక్షణ అని. ఇక వాళ్ళు ఈ ఏడాదే వీసా వచ్చేస్తుందనో ఇల్లు కట్టేస్తామనో ఫిక్స్ అయిపోతారు. ఒక్క వచనం పైకి వెళ్ళి పదో వచనం చూడండి, బబులోనులో డెబ్బై ఏళ్ళు గడిచాక అని ఉంటుంది. ఇంకా పైన అయిదో వచనంలో అక్కడే ఇళ్ళు కట్టుకోండి తోటలు నాటండి అని ఉంటుంది, అంటే చెరలో ఉన్నవాళ్ళకి ఇప్పట్లో ఇంటికి రారు, ఉన్నచోట బాగా బతకండి అని చెప్పిన ఉత్తరం అది. కార్డు ఫ్రిజ్ మీద పెట్టుకోండి తప్పులేదు, అధ్యాయం మొత్తం చదివి పెట్టుకోండి.

ప్రార్థన విషయంలో పెద్దగా చెప్పేదేం లేదు. పాస్టర్ గారిలా గొంతు పెంచి చెయ్యాలనేం లేదు, మీరు ఇంట్లో మాట్లాడే తెలుగులోనే చెయ్యండి, ఆయనకి రాయలసీమ యాస కూడా అర్థమవుతుంది. పది నిమిషాలు చాలు, రోజూ ఉంటే. ఏం మాట్లాడాలో తెలియకపోతే ప్రభువు నేర్పిన ప్రార్థన ఒక్కో ముక్క దగ్గర ఆగి చెయ్యండి. కోపంగా ఉంటే 13వ కీర్తన చూడండి, ఎన్నాళ్ళు మరచిపోతావని దావీదు సూటిగానే అడిగాడు, మీరూ అడగొచ్చు.

ఇప్పుడు ఇల్లు. అసలు కష్టం ఇక్కడే, ముఖ్యంగా ఇంట్లో మీరొక్కరే నమ్ముకుంటే. మొదటి వారంలోనే దేవుడి గదిలో పటాలు తీసేయమని గొడవ పెట్టేవాళ్ళు ఉంటారు, ఆ పటాలు మీవి కావండి, మీ అమ్మగారివి, మీ అత్తగారివి. వాళ్ళు పూజించేదాన్ని ఒక్క మాట కూడా అనకండి. ఎఫెసులో పౌలు మీద అంత పెద్ద అల్లరి జరిగినప్పుడు అక్కడి కరణమే, అంటే ఊరి అధికారే లేచి, వీళ్ళు గుడి దోచుకోలేదు, మన దేవతని దూషించలేదు అని సాక్ష్యం చెప్పాడు, అపొస్తలుల కార్యములు 19 చివర్లో ఉంటుంది. రెండేళ్ళకి పైగా ఆ ఊళ్ళో సువార్త చెప్పిన మనిషి గురించి బయటివాడు ఇచ్చిన సర్టిఫికెట్ అది, వాట్సాప్ గ్రూపుల్లో పక్క మతం మీద జోకులు ఫార్వర్డ్ చేసే మన బ్రదర్స్‌కి ఎవరిస్తారు అది.

ప్రసాదం గురించి సంఘాల్లో తలో మాట ఉంది, ఎక్కువమంది తినరు, కొంతమంది 1 కొరింథీ 8, 10 అధ్యాయాలు చదివి మనస్సాక్షికి వదిలేస్తారు. ముందు ఆ రెండు అధ్యాయాలు మీరే చదవండి, దాంతోపాటు రోమా 14 కూడా. తినకూడదని మీకు అనిపిస్తే, చెప్పే పద్ధతి ముఖ్యం. వినాయక చవితి రోజు చుట్టాలందరి ముందు అమ్మ చెయ్యి చాపినప్పుడు మొహం తిప్పుకోవడం కాదు, రెండు రోజుల ముందే వంటింట్లో ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పండి, "అమ్మా, నీ మీద కోపం కాదు, నీ చేతి వంట మీద అంతకన్నా కాదు, నైవేద్యం పెట్టకముందు నాకు రెండు ఉండ్రాళ్ళు పక్కన పెట్టవే, అవి తింటా" అని. చాలామంది అమ్మలు పెడతారు, సణుగుతూ అయినా పెడతారు. ఆ రోజు పందిరి దగ్గర కుర్చీలు మోయడం, చుట్టాలకి కాఫీలు అందించడం, అంట్లు తోమడం మాత్రం మీరే చెయ్యండి. చర్చికి పోవడం మొదలుపెట్టాక వీడు ఇంటి పని ఎగ్గొడుతున్నాడు అనే మాట ఒక్కసారి పడిందంటే మీరు ఎన్ని వచనాలు చెప్పినా ఎక్కదు. కొర్బాను, అంటే ఇది దేవునికి అర్పించేశాం అని పేరు చెప్పి తల్లిదండ్రులకి చెయ్యాల్సింది ఎగ్గొట్టేవాళ్ళని యేసు గట్టిగానే కడిగేశాడు, మార్కు 7లో ఉంది, కాబట్టి నాన్న మందుల డబ్బులు కానుకలో వెయ్యకండి.

బొట్టు, పూలు, గాజులు, నగలు. కొన్ని సంఘాల్లో ఆడవాళ్ళు ఇవన్నీ తీసేయాలని గట్టిగా చెప్తారు, కొన్నిట్లో అసలు పట్టించుకోరు, సిలువ గుర్తు ఉన్న తాళితో పెళ్ళిళ్ళు చేసే సంఘాలు మనకి బోలెడు. పెళ్ళయిన సిస్టర్ భర్తకి ఒక్క మాట చెప్పకుండా మూడో ఆదివారానికి బొట్టు, మంగళసూత్రం తీసేసి ఇంటికెళ్తే ఆ రాత్రి ఏమవుతుందో మీకు తెలుసు, మన ఊళ్ళలో భర్త బతికుండగా అలా కనిపించడం అంటే అత్తగారింట్లో ఎంత పెద్ద మాటో తీసేయమని సలహా ఇచ్చిన పాస్టరమ్మగారికీ తెలుసు. 1 పేతురు 3లో భార్యల మాటలు లేకుండానే, వాళ్ళ నడత చూసి భర్తలు రాబట్టబడొచ్చు అని ఉంది. ముందు ఆ పని. నమ్మని భర్త కాపురం చెయ్యడానికి ఇష్టపడితే వదిలేయొద్దని 1 కొరింథీ 7లో సూటిగా ఉంది. కొట్టే భర్త సంగతి వేరు, అది ఓర్చుకోవడం విశ్వాసం కాదు, మీ పుట్టింటికో మహిళా హెల్ప్‌లైన్ 181 నంబర్‌కో ఫోన్ చెయ్యండి.

సంఘం ఎంచుకోవడం. సీఎస్ఐ, లూథరన్, బాప్టిస్టు, ఆర్‌సీఎం, బ్రదరన్, పెంతెకొస్తు, బైబిల్ మిషన్, ఇవి కాక వీధికో ఇండిపెండెంట్ సంఘం, కొత్తవాళ్ళకి తల తిరుగుతుంది. పేరు కన్నా ఇవి చూడండి, వాక్యం వరసగా వివరంగా చెప్తున్నారా లేక ప్రతి ఆదివారం దీవెనల లిస్టేనా, కానుకల లెక్క సభ్యులకి చూపిస్తున్నారా, పాస్టర్ గారిని డౌట్ అడిగితే ఓపిగ్గా చెప్తున్నారా లేక అభిషిక్తుణ్ణి ప్రశ్నిస్తావా అని కళ్ళెర్ర చేస్తున్నారా. బెరయ అనే ఊరివాళ్ళు పౌలు చెప్పింది కూడా లేఖనాల్లో రోజూ చెక్ చేసుకున్నారు, దానికి వాళ్ళని ఘనులు అన్నారే గాని తిట్టలేదు. ఒకటి కుదిరాక అక్కడే ఉండండి, ఈ వారం ఇక్కడ వచ్చే వారం అక్కడ తిరిగితే మీకు జ్వరం వచ్చినా ఎవరికీ తెలియదు.

బాప్తిస్మం దగ్గరా ఇదే తొందర. మన నేల మీద జరిగిన సంగతి ఒకటి చెప్తా. 1876-78 కరువులో ఒంగోలు దగ్గర బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు, అప్పుడు బాప్తిస్మం ఇమ్మని గుంపులుగా వచ్చి అడిగినా ఇవ్వలేదు, అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని. వాళ్ళు ఆగారు, సహాయం పని ఆగాక కూడా వచ్చారు, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. అలాంటిది మీరు ఆరు నెలలు ఆగి నేర్చుకుని తీసుకుంటే కొంపేం మునగదు. ఆలోపు చచ్చిపోతే ఎలా అని భయపెట్టేవాళ్ళకి బాప్తిస్మం లేకుండానే యేసు పరదైసు మాట ఇచ్చిన సిలువ మీద దొంగ సంగతి గుర్తు చెయ్యండి.

కుల సర్టిఫికెట్ కాగితాల విషయం ముందే తెలుసుకోండి, దీని గురించి సంఘాల్లో ఎవరూ బయటికి మాట్లాడరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే, 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు, క్రైస్తవుల్ని కలపలేదు. ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళకి ఏపీలో, తెలంగాణలో బీసీ-సి కింద 1 శాతం రిజర్వేషన్ ఉంది. ఎస్టీలకి ఈ మతం షరతు లేదు. ఈ రూల్ న్యాయమా కాదా అంటే నా మట్టుకు అన్యాయమే, కులం చర్చి గేటు బయట ఆగిపోదు, లోపల కూడా పల్లె వేరు పేట వేరుగా కూర్చునే ఊళ్ళు నాకు తెలుసు. కానీ చదువుకునే పిల్లలున్న ఇల్లయితే ఇది తెలిసి, ఇంటిల్లిపాదీ కూర్చుని, అవసరమైతే లాయర్ని అడిగి నిర్ణయం తీసుకోండి, తర్వాత ఆఫీసులో అబద్ధం కాగితం పెట్టే పరిస్థితి తెచ్చుకోకండి.

డబ్బు. 2 కొరింథీ 9:7 కంఠతా పట్టండి, సణుగుకోకుండా, బలవంతంగా కాకుండా, హృదయంలో అనుకున్నట్టు ఇమ్మంది. అప్పు తెచ్చి కానుక వెయ్యకండి, భర్తకి తెలియకుండా గాజులు తాకట్టు పెట్టి వెయ్యకండి. టీవీలో విత్తన కానుక వేస్తే నూరంతలు తిరిగొస్తుంది అని క్యూఆర్ కోడ్ చూపిస్తే ఛానల్ మార్చండి, మీకు అంత ఇవ్వాలని ఉంటే మీ సంఘంలోనే ఇంటద్దె కట్టలేని విధవరాలు ఉంటుంది.

జబ్బు చేస్తే ప్రార్థన చేయించుకోండి, మాత్రలు మాత్రం మానకండి. నూనె రాశారు, స్వస్థత ప్రకటించారు, ఇక షుగర్ మాత్ర వేసుకుంటే అవిశ్వాసం అనే మాట ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. మూర్ఛ మాత్రలు, డిప్రెషన్ మాత్రలు కూడా అంతే, అవి సడన్‌గా ఆపితే ప్రాణం మీదకి వస్తుంది. పౌలు తన వెంట తిరిగిన త్రోఫిమును మిలేతు ఊళ్ళో రోగిగానే వదిలి వచ్చాడు, తిమోతికి కడుపు జబ్బుకి చిట్కా రాశాడు, ఆయన వెంట తిరిగిన లూకా వైద్యుడు. తగ్గిందనుకుంటే డాక్టర్ దగ్గరికెళ్ళి టెస్ట్ చేయించండి, నిజంగా తగ్గితే రిపోర్టులోనే కనపడుతుంది, మాత్ర ఆపాలా తగ్గించాలా అప్పుడు ఆయనే చెప్తాడు.

ఇక స్టేజి. మీరు వేరే మతం నుంచి వచ్చినా, పెద్ద కులం నుంచి వచ్చినా, తాగుడు మానేసినా, మూడో నెలకల్లా మిమ్మల్ని ఉజ్జీవ సభలకి సాక్ష్యం చెప్పమని పిలుస్తారు, పోస్టర్ మీద ఫొటో వేస్తారు, పేరుకి ముందు బ్రదర్, వెనకాల మాజీ ఏదో. మొదటి ఊళ్ళో మీరు రోజూ క్వార్టర్ తాగేవారు, అయిదో ఊరికి ఫుల్ బాటిల్ అవుతుంది, మీకు తెలియకుండానే కథ పెరుగుతుంది, జనం ఏడిస్తే ఇంకా పెరుగుతుంది. కొత్తగా చేరినవాణ్ణి అధ్యక్షుడిగా పెట్టొద్దు, గర్వంతో కళ్ళు మూసుకుపోతాయి అని 1 తిమోతి 3:6లో ఉన్నది దీనికీ వర్తిస్తుందని నా అభిప్రాయం. రెండేళ్ళు ఆగాక చెప్తానండి అనండి. ఈలోగా సండే స్కూల్లో చాపలు పరచడానికి, బల్ల ఆరాధన, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన అయ్యాక గిన్నెలు కడగడానికి మనుషులు ఎప్పుడూ తక్కువే ఉంటారు, అక్కడ చేరండి.

ఆ తాగుడు మళ్ళీ ఒకరోజు మొదలవ్వొచ్చు కూడా. సిగరెట్టు, ఫోన్‌లో చూడకూడనివి, కోపం, ఏదైనా. పడ్డాక అందరూ చేసే పని చర్చికి రావడం ఆపేయడం, ఫోన్ ఎత్తకపోవడం, ఏ మొహం పెట్టుకుని వస్తామండి అంటారు. అందుకే బాగున్న రోజుల్లోనే ఒక మనిషిని చూసి పెట్టుకోండి, మగవాళ్ళకి మగవాళ్ళు, ఆడవాళ్ళకి ఆడవాళ్ళు, పెద్దవయసు, నోరు తక్కువ, విన్నది ప్రార్థన మనవి పేరుతో గ్రూపులో పెట్టని మనిషి. పడిన రాత్రే వాళ్ళకి ఫోన్ చెయ్యండి, పొద్దున దాకా ఆగితే చెయ్యరు. 51వ కీర్తన ఇద్దరూ ఫోన్‌లోనే చదువుకోండి, ఆదివారం మామూలు టైమ్‌కే బయల్దేరండి.