శిక్షణ విమానం మీ చేలో పడితే

2024 మార్చిలో కొరిసపాడు దగ్గర జాతీయ రహదారి మీద వాయుసేన విమానాలతో విన్యాసం జరిపినప్పటి నుంచి మా టంగుటూరు టీ కొట్టు దగ్గర నన్ను ఒకటే ప్రశ్న అడుగుతున్నారు: "అలాంటి విమానమొకటి మన పొగాకు తోటలో పడితే ఏం చేయాలి?" నేను వాయుసేనలో ఇరవై ఏళ్లు పైలట్ సీట్ల పని చేసి వచ్చాను కాబట్టి అడుగుతారు. పైకి మామూలు సీటే, కానీ దాని వెనక తుపాకి మందు దట్టించి ఉంటుంది. ప్రమాదం వస్తే అది పేలి పైలట్‌ను సీటుతో సహా విమానం బయటికి విసిరేస్తుంది.

విమానం కూలితే మనిషి పోయాడనే అనుకుంటాం. కిరణ్ శిక్షణ విమానాలు 2017లో హైదరాబాద్ పక్కన కీసర దగ్గర, 2018లో యాదాద్రి జిల్లాలో, 2023లో కర్ణాటకలో చామరాజనగర్ దగ్గర కూలాయి. మూడు చోట్లా పైలట్లు పారాచూట్‌తో దిగి బతికారు. అందుకే ముందు మంట వైపు పరుగెత్తకండి. ఆకాశం చూడండి, తర్వాత చుట్టూ ఉన్న చేలు చూడండి. పైలట్ విమానానికి చాలా దూరంలో దిగి ఉండవచ్చు.

మనిషి దొరికాడా, ఇక్కడే మనవాళ్లు తప్పు చేస్తారు. లేపి కూర్చోబెడతారు, సోడా తాగిస్తారు, ఆటో ఎక్కించేస్తారు. అవేవీ వద్దు. సీటు పైకి ఎగిరే ఆ క్షణంలో మనిషి మీద తన బరువుకు పది రెట్లు మించిన భారం పడుతుంది. వెన్నుపూస నలిగిపోయినా, ఆ కంగారులో తనకేమీ కాలేదని అతనే లేచి నడవబోతాడు. "పడుకోండి సార్" అని వెల్లకిలా పడుకోబెట్టండి. ఎండ తగలకుండా ఇద్దరు దుప్పటి పట్టుకోండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టండి. ఊపిరి ఆడుతున్నంతవరకు హెల్మెట్ జోలికి పోవద్దు. మాట్లాడగలిగితే ఒక్క ప్రశ్న అడగండి: "విమానంలో మీరొక్కరేనా, ఇంకొకరున్నారా?" కిరణ్‌లో ఇద్దరు పక్కపక్కన, పిలాటస్, హాక్ అనే శిక్షణ విమానాల్లో ముందొకరు వెనకొకరు కూర్చుంటారు. ఆ జవాబును బట్టి రెండో మనిషి కోసం వెతకాలో లేదో తేలుతుంది.

మధ్యాహ్నం సముద్రపు గాలి లేస్తే పారాచూట్ పైలట్‌ను దుక్కి మీద ఈడ్చుకుపోతుంది. గుడ్డ అంచు ఒక పక్క గట్టిగా పట్టి మీ వైపు లాగితే గాలి దిగిపోతుంది. (పొగాకు బేళ్ల మీద కప్పడానికి భలే ఉంటుందని నాతో ఒకాయన అన్నాడు. ఆ గుడ్డ విచారణకు కావాలి, ఇంటికి పట్టుకెళ్లకండి.)

ఈలోపు ఒకరు 112కు ఫోను చేయాలి. "మా ఊరి దగ్గర" అంటే వాళ్లకు అర్థం కాదు. ఊరు, మండలం, హైవే మీద ఎక్కడ మలుపు తిరగాలో చెప్పండి. ఒక కుర్రవాణ్ణి బండి మీద ఆ మలుపు దగ్గరికే పంపండి. పుంత దారుల్లో అంబులెన్సు తిరుగుతూ కూర్చుంటే లాభం లేదు.

ఇక విమానం సంగతి. గాలి మీ వీపుకు తగిలేలా, వీలైనంత దూరంగా నిలబడండి. ఆ పొగ పీల్చకూడదు. ఇంధనం కిరసనాయిలు లాంటిదే, కాలువలోకి పారితే పశువులను అటు వదలకండి. పసుపు నలుపు చారల పిడి కనిపిస్తే దాన్ని ముట్టుకోవద్దు. అది లాగితేనే సీటు పేలి ఎగురుతుంది. ఒక్కరే ఎక్కిన విమానంలో రెండో సీటు పేలకుండా అలాగే ఉండిపోవచ్చు. పైలట్‌ను విడిచి వేరే చేలో పడిన సీటు కూడా ఖాళీ డబ్బా కాదు, అందులో ఇంకా మందు మిగిలి ఉండవచ్చు. ఎర్ర రిబ్బను కట్టిన చిన్న పిన్నులు పెట్టి ఆ సీట్లను పేలకుండా చేయడమే నా ఉద్యోగం. అన్నేళ్లు చేసినా పిన్ను దిగేవరకు ఊపిరి బిగబట్టేవాణ్ణి. పిల్లలు దాని మీద కూర్చుని ఫొటో దిగుతామంటే రెండు తిట్టి పంపండి.

వాయుసేనవాళ్లు వచ్చి చుట్టూ తాడు కట్టేవరకు ముక్కలు ఎక్కడ పడ్డవి అక్కడే ఉండాలి. తోట పాడైతే శకలాలు ఎత్తే బండ్లు తొక్కకముందే దూరం నుంచి ఫొటోలు తీసుకుని, వీఆర్వోను పిలిచి ఎన్ని సెంట్లు పోయిందో పంచనామా రాయించుకోండి. బండ్లు తిరిగాక ఏది విమానం తొక్కిందో, ఏది లారీ తొక్కిందో ఎవరూ తేల్చలేరు.