టాపెట్ కవర్ బోల్టు మర పోతే హెలికాయిల్ వేయడం ఎలా?

ఇంజన్ పైభాగాన్ని మూసే మూత అయిన టాపెట్ కవర్ బోల్టును బిగిస్తున్నప్పుడు బిగువు తగలకుండా వట్టిగా తిరుగుతోందంటే, ఆ కవర్ కూర్చునే సిలిండర్ హెడ్‌లోని మర పోయిందని అర్థం. బోల్టు ఉక్కుది, హెడ్ అల్యూమినియంది కాబట్టి బలం ఎక్కువైతే అరిగిపోయేది హెడ్డే. బోల్టును బయటికి తీసి చూస్తే దాని మరల మధ్య వెండి తీగలాంటి రజను చుట్టుకొని కనిపిస్తుంది.

రంధ్రంలో ఎపాక్సీ ముద్ద కూరడాన్ని గానీ, లావు బోల్టు వేయడాన్ని గానీ నేను సమర్థించను. మళ్లీ మళ్లీ విప్పవలసిన చోట మొదటిది నమ్మదగినది కాదు, రెండోది చుట్టూ ఉన్న పలుచని లోహాన్ని బలహీనపరుస్తుంది. స్ప్రింగులా చుట్టిన స్టెయిన్‌లెస్ స్టీల్ తీగ అయిన హెలికాయిల్ వేస్తే, పాత బోల్టు సైజే ఉంటుంది, మర మునుపటికంటే గట్టిగా నిలుస్తుంది.

10 నంబర్ స్పానర్ పట్టే బోల్టు సాధారణంగా ఎం6 (6 మిల్లీమీటర్ల లావు), పిచ్ (మరల మధ్య దూరం) 1 మిల్లీమీటరు ఉంటుంది. పాత బోల్టును ఆటోనగర్‌లోని టూల్స్ దుకాణానికి తీసుకెళ్లి, దానికి సరిపోయే కిట్ అడగండి. మామూలు ఎం6 ట్యాప్ (మర కోసే పనిముట్టు) ఇక్కడ పనికిరాదు, హెలికాయిల్ ట్యాపే కావాలి. మే నెలలో విజయవాడ ఎండకు నిలిపిన కారు బానెట్ కింద త్వరగా చల్లారదు గనుక, తెల్లవారుజామున పని మొదలుపెట్టడం మేలు.

కవర్ తీశాక అన్నిటికంటే ముఖ్యమైన పని, క్యామ్‌షాఫ్టులను, టైమింగ్ చైన్ దిగే సందును, ఆయిల్ రంధ్రాలను శుభ్రమైన గుడ్డలతో పూర్తిగా మూసివేయడం. అల్యూమినియం రజను అయస్కాంతానికి అంటుకోదు, లోపల పడితే ఆయిల్‌తో పాటు తిరుగుతుంది. అందుకే డ్రిల్ బిట్‌కూ ట్యాప్‌కూ గ్రీజు పట్టించి, తరచూ బయటికి తీసి తుడుస్తూ ఉండాలి.

పాత రంధ్రం లోతును కొలిచి, 6.3 మిల్లీమీటర్ల బిట్ మీద అంతవరకు టేపు చుట్టి, రక్షణ కళ్లజోడు పెట్టుకొని, బిట్‌ను నిటారుగా నిలిపి నెమ్మదిగా డ్రిల్ చేయండి. ఆ లోతు దాటితే కింద ఆయిల్ దారులో నీటి దారులో ఉండవచ్చు. తర్వాత ట్యాప్‌ను అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కు తిప్పుతూ మర కోసి, రజనును వాక్యూమ్‌తో లాగేయాలి. హెలికాయిల్‌ను నొక్కకుండా తిప్పుతూ, దాని పై అంచు ఉపరితలానికి పావు నుంచి అర చుట్టు లోపలికి వెళ్లేవరకు దించి, అడుగునున్న అడ్డు ముక్కను పంచ్‌తో విరగ్గొట్టి నోస్ ప్లయర్‌తో తప్పక బయటికి తీయండి.

గుడ్డలు తీసి, గ్యాస్కెట్ (కవర్ అంచు కింద ఉండే సీలు) సరిగ్గా కూర్చోబెట్టి, బోల్టులన్నిటినీ ముందు వేళ్లతోనే తిప్పి, మధ్య నుంచి అంచులవైపు టార్క్ రెంచ్‌తో (బిగువును కొలిచే స్పానర్‌తో) బిగించాలి. కారు మాన్యువల్ చెప్పే విలువే ప్రమాణం. ఎం6కు అది సుమారు 10 న్యూటన్ మీటర్లు ఉంటుంది. ఇంజన్‌ను పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచి, ఆపి, చల్లారాక గ్యాస్కెట్ అంచు వెంట తెల్ల కాగితం అద్ది ఆయిల్ చెమ్మ ఉందేమో చూడండి.