తాతగారి పాత బోల్ట్ రైఫిల్: ఇంట్లో ఉంచుకోవడం, షూటింగ్ రేంజ్‌లో పేల్చడం ఎలా?

మా తాత రైఫిల్ చిత్తూరు జిల్లాలోని మా ఊరి నుంచి బెంగళూరులో మా ఇంటికి రావడానికి రెండేళ్లు పట్టింది. దారి నాలుగు గంటలే, మిగతాదంతా కాగితాల పని. ఇంట్లో ఇలాంటి తుపాకి ఉన్నవాళ్ళు ఏం చేయాలని అడిగినప్పుడల్లా నేను చెప్పేది ఒకటే: తొందరపడి వదిలించుకోవద్దు, తొందరపడి పేల్చనూ వద్దు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట కాలం అయిపోయింది, అది అయిపోవడమే మంచిది. కానీ చక్కటి బోల్ట్ రైఫిల్‌ని, అంటే ప్రతి తూటాకీ వెనకున్న బోల్ట్‌ని చేత్తో లాగి మూసే తుపాకిని, కాగితం టార్గెట్ మీద జాగ్రత్తగా పేల్చడంలో ఉన్న ఆనందం ఏమాత్రం తగ్గలేదు.

ముందు కాగితాలు

లైసెన్స్ ఉన్న పెద్దాయన పోతే ఆ తుపాకిని బీరువాలో అలాగే ఉంచేయకూడదు. ఆలస్యం చేయకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లోగానీ లైసెన్స్ ఉన్న ఆయుధాల డీలర్ దగ్గరగానీ డిపాజిట్ చేసి రసీదు తీసుకోవాలి. మీ అంతట మీరు కారులో వేసుకుని బయల్దేరకండి, ముందు స్టేషన్‌కి ఫోన్ చేసి ఎలా తీసుకురావాలో అడగండి. తర్వాత వారసుడిగా మీ పేరున లైసెన్స్‌కి దరఖాస్తు చేయాలి, మిగతా వారసుల దగ్గర అభ్యంతరం లేదని రాయించుకోవాలి. పెద్దాయన బతికుండగానే ఇవ్వాలనుకున్నా కుదురుతుంది. 2016 ఆయుధ నియమాల ప్రకారం ఆయనకు 70 ఏళ్లు నిండినా, తుపాకి ఆయన దగ్గర 25 ఏళ్లు ఉన్నా, ఏది ముందైతే అప్పుడు వారసుణ్ణి నామినేట్ చేయొచ్చు. ఆయన ఓపికగా ఉన్నప్పుడే ఈ పని చేసుకోండి, సంతకాల కోసం పరుగులు సగం తగ్గుతాయి.

బెంగళూరు నగరంలో ఉండేవాళ్ళకి లైసెన్స్ ఇచ్చేది పోలీస్ కమిషనర్. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి 2 తుపాకులే, లైసెన్స్ గడువు 5 ఏళ్లు. ఆంధ్ర నుంచి తెచ్చుకునేవాళ్ళు లైసెన్స్ ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో చూసుకోకుండా రాష్ట్ర సరిహద్దు దాటొద్దు. "మా కొడగు ఫ్రెండ్‌కి లైసెన్సే అక్కర్లేదట కదా" అని కొందరంటారు. అది అక్కడి కొడవ జాతివాళ్ళకీ, జమ్మా అనే వంశపారంపర్య భూములున్నవాళ్ళకీ ఉన్న ప్రత్యేక మినహాయింపు, మనకి వర్తించదు. పాతది కాబట్టి ఫర్వాలేదనే మాట కూడా నమ్మకండి, పేలే స్థితిలో ఉన్న రైఫిల్‌ని గోడకి తగిలించినా లైసెన్స్ కావాల్సిందే.

ఏ తూటా అన్నది తేల్చుకోవడం

ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. పాత రైఫిల్ కనబడితే మనవాళ్ళు త్రీ నాట్ త్రీ అనేస్తారు. .303 సైన్యం వాడిన బోరు (బారెల్ లోపలి రంధ్రం కొలత), మామూలు లైసెన్స్ మీద దొరకదు. బ్రిటిష్ వాళ్ళు సైన్యపు తూటా జనం చేతిలో ఉండకూడదనుకున్నారు, అందుకే లీ-ఎన్‌ఫీల్డ్ తరహా రైఫిళ్ళనే .315 బోరుకి తయారుచేసి అమ్మారు. ఇంగ్లండ్‌లో బీఎస్ఏ అనే తుపాకుల కంపెనీ చేసింది, తర్వాత మన తిరుచిరాపల్లి ఆయుధ ఫ్యాక్టరీ చేసింది. మన వైపు ఇళ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే.

ఈ .315నే మన దగ్గర 8 ఎంఎం అని కూడా అంటారు. అయితే జర్మన్ మౌజర్‌ది కూడా 8 ఎంఎం, అది వేరే తూటా. మనది 8×50, అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది. మౌజర్‌ది 8×57, దానికి ఆ అంచు ఉండదు. మౌజర్‌లోనే మళ్ళీ పాత రకం బుల్లెట్ .318 అంగుళాలు, 1905లో వచ్చిన రకం .323. పెద్ద బుల్లెట్‌ని చిన్న బారెల్‌లోంచి పంపితే ప్రెషర్ ఎక్కడికి పోతుందో ఆలోచించండి, మీ ముఖం ఉండేది సరిగ్గా దాని వెనకే. కాబట్టి లైసెన్స్‌లో ఏం రాసుందో చూసి ఆగిపోకండి. బారెల్ మీది ముద్రలు చదవండి, అనుమానం ఉంటే తుపాకుల మెకానిక్‌తో ఛాంబర్ (బారెల్ వెనక తూటా కూర్చునే గది) కొలిపించండి. తాత డబ్బాలో మిగిలిన పాత తూటాల్ని మాత్రం పేల్చకండి, వాటిని డీలర్‌కి అప్పజెప్పండి.

లోపల ఎలా ఉందో చూడటం

మ్యాగజైన్ ఖాళీ చేసి, ఛాంబర్‌లోకి కళ్ళతో చూసి, వేలు పెట్టి తడిమి, తర్వాత బోల్ట్ బయటికి లాగండి. మా దాన్ని మొదటిసారి లాగితే సగం వరకే వచ్చింది. మా నాయనమ్మ ఏళ్ల తరబడి ప్రేమగా కొబ్బరినూనె రాసింది, అది గట్టిపడి బెల్లంపాకంలా గోధుమరంగు జిగురైపోయింది. కిరోసిన్‌లో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే రెండు సాయంత్రాలకి ఇనుము కనిపించింది. కొబ్బరినూనె వద్దు, తుపాకి నూనెనే పల్చగా రాయండి.

బోల్ట్ తీశాక బారెల్‌ని కిటికీ వెలుగువైపు పెట్టి వెనకనుంచి చూడండి. లోపల మెలి తిరిగిన గాడుల అంచులు పదునుగా మెరవాలి. చిన్న చిన్న తుప్పు గుంటలున్నా కొన్ని బారెల్స్ గురి బాగానే తగులుతాయి, కానీ ఉబ్బు తేలినట్టు నల్లటి ఉంగరం కనిపిస్తే ఆ బారెల్ పేల్చడానికి పనికిరాదు. బోల్ట్ మీది నంబరూ రైఫిల్ నంబరూ ఒకటేనా చూడండి. బోల్ట్ మారిపోతే తూటా వెనక వదులు ఎక్కువై, పేలినప్పుడు ఇత్తడి కేస్ చిట్లొచ్చు, అందుకే ఆ వదులుని కొలిచే హెడ్‌స్పేస్ గేజ్ పెట్టి చూపించకుండా ఒక్క రౌండ్ కూడా వద్దు. కొయ్యని ఇసుక కాగితంతో రుద్దడం, బారెల్‌కి కొత్త రంగు పట్టించడం మాత్రం దయచేసి చేయకండి. అవిసెనూనె రెండు చుక్కలు అరచేత్తో రుద్దితే చాలు.

రేంజ్‌లో

పొలంలో, ఎస్టేట్‌లో, పెళ్లిలో పేల్చే ఆలోచన ఉంటే మానుకోండి. వేడుకల్లో కాల్పులు జరిపి ఇతరుల ప్రాణాల మీదికి తెస్తే 2 ఏళ్ల వరకు జైలు పడొచ్చు. బెంగళూరులో కర్ణాటక స్టేట్ రైఫిల్ అసోసియేషన్ ఉంది, సభ్యత్వం గురించి అక్కడ అడగండి. చాలా రేంజ్‌లు ఎయిర్ రైఫిల్‌కీ .22కీ మాత్రమే కట్టినవి కాబట్టి మీ బోరు పేరు చెప్పి, అనుమతి ఉందని తేలాకే రైఫిల్ తీసుకెళ్ళండి.

చెవుల్లో ప్లగ్గులు, వాటి మీద చెవులు కప్పే మఫ్, కళ్ళకి అద్దాలు. ఇసుక సంచి మీద ఆనించి 25 మీటర్ల నుంచే మొదలుపెట్టండి. బట్ (తుపాకి కొయ్య వెనక చివర) భుజం ఎముక మీద కాదు, దాని పక్క గుంటలో గట్టిగా ఆనాలి, వదులుగా పట్టుకుంటే దెబ్బ తగిలేది మీకే. ఊపిరి సగం వదిలి ఆపి, ట్రిగ్గర్‌ని వేలి మొదటి కణుపుతో మెల్లగా నొక్కుతూ పోండి. మౌజర్ రకం అయితే తూటాని ఎప్పుడూ మ్యాగజైన్‌లోంచే ఎక్కించండి, నేరుగా ఛాంబర్‌లో పడేసి బోల్ట్ మూస్తే ఖాళీ కేస్‌ని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ పంజా చిట్లే ప్రమాదం ఉంది.

ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే తుపాకిని టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగి, అప్పుడు బోల్ట్ తెరవండి. శబ్దం ఎప్పటికన్నా తక్కువగా, పుస్సుమన్నట్టు వస్తే అక్కడితో ఆపేయండి. బుల్లెట్ బారెల్‌లోనే ఉండిపోయి ఉండొచ్చు, దాని వెనక ఇంకోటి పేలిస్తే బారెల్ చీలుతుంది. ప్రతి ఖాళీ కేస్‌నీ చేతిలోకి తీసుకుని అడుగు దగ్గర చూడండి. చుట్టూ మెరిసే సన్నటి గీత ఉంటే కేస్ అక్కడ తెగబోతోందని అర్థం, ఆ రోజుకి చాలించి మెకానిక్ దగ్గరికి వెళ్ళండి. మొదటి రోజు 5 రౌండ్లు చాలు.

ఇంటికొచ్చాక

అదే సాయంత్రం శుభ్రం చేయాలి. రాడ్‌ని మూతి వైపు నుంచి కాకుండా బోల్ట్ తీసేసి వెనకనుంచి పంపండి, మూతి అంచు అరిగితే గురి పోతుంది. పాతకాలపు ప్రైమర్లు (తూటా అడుగున నిప్పు రాజేసే మందు) ఉన్న తూటాలైతే మసి ఉప్పులా తుప్పు పట్టిస్తుంది, ముందు వేడినీళ్ళు పోసి కడిగి, ఆరబెట్టి, అప్పుడు నూనె పట్టించాలి. తోలు కేస్‌లో దాచకండి, మన వానాకాలంలో తోలు తేమ పట్టుకుంటుంది. నేను ఒక్క సీజన్ అలా ఉంచితే బారెల్ మీద కుట్టు గీతల్లాగే తుప్పు లేచింది. ఉక్కు బీరువాలో సిలికా జెల్ వేసి పెట్టండి, బోల్ట్ ఒకచోట, తూటాలు ఇంకోచోట, తాళాలు మీ దగ్గర.

ఎన్నికలొస్తే స్టేషన్‌లో డిపాజిట్ చేయమని నోటీసు రావచ్చు. ఇచ్చేముందు మందంగా నూనె రాసి, నాలుగు ఫొటోలు తీసుకుని, రసీదులో రైఫిల్ నంబర్‌తో పాటు బోల్ట్ నంబర్ కూడా రాయించుకోండి. తిరిగి తీసుకునేటప్పుడు ఆ రెండు నంబర్లూ అక్కడే సరిచూసుకున్నాకే సంతకం పెట్టండి.