పాత బాక్స్‌టర్‌లో వార్నింగ్ లైట్లు: చెరిపేసినా మళ్ళీ ఎందుకొస్తాయి?

సోమవారం ఏబీఎస్ లైటు, బుధవారం ఎయిర్‌బ్యాగ్ లైటు, శనివారం పొద్దున బ్యాటరీ లైటు. కోడ్ రీడర్ తగిలించి, కారు కంప్యూటర్ రాసుకున్న తప్పుల గుర్తులు (కోడ్‌లు) చెరిపేస్తే రెండు రోజులు ప్రశాంతం, మూడో రోజు మళ్ళీ మొదలు. అమెరికాలో పాత పోర్షే బాక్స్‌టర్ కొన్న మనవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. కారు చవగ్గా దొరికిందని కొంటారు. విడిభాగాలు మాత్రం చవగ్గా దొరకవు. అందుకే ఏదీ మార్చకముందే కాస్త వెతకడం మంచిది.

ఇక్కడ రాస్తున్నది 986 అని పిలిచే మొదటి తరం గురించి, అంటే 1996 నుంచి 2004 దాకా తయారైన కార్ల గురించి. అదే కాలం 911 (996) కూడా ఎలక్ట్రికల్ విషయంలో దీనికి అన్నదమ్ముల వరసే. కాబట్టి ఇందులో చాలా భాగం దానికీ పనికొస్తుంది.

కోడ్ చెరిపే ముందు ఒక కాగితం తీసుకుని ఆ లైటు ఎప్పుడు వచ్చిందో రాయండి. వారం పాటు నిలబెట్టి తీసినప్పుడా? వాన పడిన మర్నాడా? ఇంజను బాగా వేడెక్కాకా? బ్రేక్ తొక్కినప్పుడా? సీటు వెనక్కి జరిపినప్పుడా? "ఏ లైటు" అన్నదానికంటే "ఎప్పుడు" అన్నదే దారి చూపిస్తుంది. నేను మొదట్లో కోడ్ కనపడగానే చెరిపేసేవాణ్ణి. దొంగ వదిలిన ఆనవాళ్ళు మనమే తుడిచేసినట్టని తర్వాత తెలిసింది.

చాలా రోజులు నిలిపాక తీస్తే రెండు మూడు లైట్లు ఒకేసారి

ఇదే అన్నిటికంటే ఎక్కువ. సంబంధం లేని లైట్లు కలిసికట్టుగా వచ్చాయంటే అన్ని భాగాలూ ఒకేసారి పాడైపోయాయని కాదు, వాటన్నిటికీ కరెంటు సరిగ్గా అందడం లేదని. సెల్ఫ్ కొట్టినప్పుడు బ్యాటరీ వోల్టేజి పడిపోతుంది. బలహీనమైన బ్యాటరీ అయితే తొమ్మిదిన్నర కిందికీ పోతుంది. ఆ క్షణంలో ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్లు "వోల్టేజి తక్కువ" అని రాసుకుంటాయి. తర్వాత వోల్టేజి కోలుకున్నా ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్ ఆ మాట మరిచిపోదు, లైటు అలాగే ఉంచుతుంది.

ఇరవై డాలర్ల మల్టీమీటర్ చాలు. రాత్రంతా ఆగిన కారులో, ఏదీ వేయకుండా బ్యాటరీ మీద చూడండి. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం ఖాళీ. 12 కంటే తక్కువంటే దాన్ని ఛార్జ్ చేసి, లోడ్ టెస్ట్ (ఎక్కువ కరెంటు లాగినప్పుడు బ్యాటరీ నిలబడుతుందా అని చూసే పరీక్ష) చేయించాకే మిగతా మాట. ఇంజను నడుస్తుంటే సుమారు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. హెడ్‌లైట్లు, ఫ్యాను వేసినా 13.5 కంటే బాగా కిందికి దిగకూడదు.

బ్యాటరీ కొత్తదే, అయినా వారానికే పడుకుంటోందా? అయితే తాళం చెవి బయటికి తీశాక కూడా ఏదో కరెంటు తాగుతోంది. బ్యాటరీ మైనస్ తీగ ఊడదీసి మధ్యలో మీటరు పెట్టి, కారుకు తాళం వేసి అరగంట ఆగండి. కంప్యూటర్లన్నీ నిద్రపోవడానికి ఆ టైము కావాలి. తొందరపడి చూస్తే తప్పు లెక్క వస్తుంది. 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే పర్వాలేదు. అంతే ఉన్నా నెలకు 36 ఆంపియర్ అవర్లు పోతాయి, అంటే 70 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో సగం! నెలకోసారి బయటికి తీసే కారుకు చిన్న మెయింటెనర్ ఛార్జర్ తగిలించి ఉంచమనేది అందుకే. అదే అర ఆంపియర్ కనబడితే, ఐదారు రోజుల్లో బ్యాటరీ ఖాళీ. అప్పుడు ఒక్కో ఫ్యూజూ తీసి చూడండి. ఏది తీస్తే అంకె పడిపోతుందో ఆ దారిలోనే ఉంది దొంగ.

ఈ కార్లలో ఎక్కువగా దొరికే దొంగ తలుపు లాచ్‌లోని మైక్రోస్విచ్. అది పాడైతే తలుపు మూసినా తెరిచే ఉందనుకుంటుంది కారు. గుర్తులు సులువే: హ్యాండిల్ లాగినప్పుడు అద్దం కొంచెం కిందికి దిగదు, లోపలి లైటు ఆరదు, తాళం వేసినప్పుడు హారన్ ఒకసారి కీచుమంటుంది. ఆ కూత వినబడితే ఎక్కడో ఏదో మూసుకోలేదని కారు చెబుతున్నట్టే. స్విచ్ లాచ్‌తో కలిసి ఉంటుంది కాబట్టి మామూలుగా లాచ్ మొత్తం మారుస్తారు.

ఒక చిక్కు చెప్పాలి. బ్యాటరీ ముందు డిక్కీలో ఉంటుంది. ఈ తరంలో తర్వాతి కార్లలో ఆ డిక్కీ తెరుచుకోవాలంటే కరెంటు కావాలి! బ్యాటరీ చచ్చిపోతే ఎడమ వైపు కాళ్ళ దగ్గరున్న ఫ్యూజు బాక్సులోంచి ఎర్రటి పిన్ను బయటికి లాగి, దానికి ఇంకో బ్యాటరీ ప్లస్ తీగ, తలుపు కొక్కేనికి మైనస్ తీగ తగిలించి రిమోట్ నొక్కాలి. అది డిక్కీ తెరవడానికి మాత్రమే, ఆ పిన్ను మీద సెల్ఫ్ కొట్టకండి. బ్యాటరీ తీగ ఊడదీసే ముందు రేడియో కోడ్ కూడా దగ్గర పెట్టుకోండి.

ఇంజను వేడెక్కాక బ్యాటరీ లైటు, లేదా వేడి మీద సెల్ఫ్ నీరసంగా తిరగడం

చాలామంది ఇక్కడే ఆల్టర్నేటర్ (ఇంజను నడుస్తుంటే కరెంటు తయారుచేసి బ్యాటరీని నింపేది) మార్చేస్తారు. మార్చాక కూడా లైటు వస్తే అప్పుడు తల పట్టుకుంటారు. ఈ కారులో ఇంజను సీట్ల వెనక, బ్యాటరీ ముందు. ఆల్టర్నేటర్ నుంచి స్టార్టర్ (సెల్ఫ్ మోటారు) మీదుగా ముందుకు వచ్చే లావు తీగ చాలా దూరం ప్రయాణిస్తుంది. దాని చివర్లలో, పైపూత లోపల రాగికి చిలుము పడుతుంది. పైకి నల్లగా, శుభ్రంగానే కనబడుతుంది. వేడెక్కిన కొద్దీ రెసిస్టెన్స్ పెరిగి, వోల్టేజి దారిలోనే పోతుంది.

నిర్ధారించుకోవడం కష్టం కాదు. ఇంజను నడుస్తూ, లైట్లు, ఫ్యాను వేసి ఉండగా ఆల్టర్నేటర్ ప్లస్ బోల్టు దగ్గర ఒకసారి, బ్యాటరీ ప్లస్ దగ్గర ఒకసారి కొలవండి. అక్కడ 14.2, ఇక్కడ 13.2 ఉంటే ఒక వోల్టు తీగే తినేసింది. కొద్ది పాయింట్ల తేడా పర్వాలేదు, అర వోల్టు దాటితే ఆ తీగ మార్చాలి. కొలిచేటప్పుడు చేతులు, మీటరు తీగలు బెల్టుకు దూరంగా ఉంచండి. మైనస్ వైపు కూడా మరిచిపోవద్దు. గేరుబాక్సు నుంచి బాడీకి వెళ్ళే ఎర్త్ పట్టీ ఊడదీసి, తుప్పు గీకి, గట్టిగా బిగిస్తే కొన్నిసార్లు అంతటితోనే పని అయిపోతుంది.

ఆల్టర్నేటర్ దగ్గరే వోల్టేజి లేకపోతే అప్పుడు దాన్ని అనుమానించండి. ముందు బెల్టు చూడండి. తర్వాత వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటర్. బాష్ ఆల్టర్నేటర్లలో కార్బన్ బ్రష్‌లు రెగ్యులేటర్‌తో కలిసి ఉంటాయి, అది విడిగా దొరుకుతుంది. బ్రష్‌లు అరిగిపోతే లైటు పూర్తిగా వెలగకుండా మసకగా మినుకుమంటుంది కూడా.

ఏసీ, ఫ్యాను ఆగిపోయి, ఏబీఎస్ లైటు. తాళం కొంచెం కదిపితే అన్నీ మామూలు

ఇది ఇగ్నిషన్ స్విచ్. తాళం చెవి పెట్టే భాగం వేరు, దాని వెనక కరెంటు కలిపే ప్లాస్టిక్ ముక్క వేరు. అరిగేది ఆ ముక్క. స్టార్ట్ చేశాక తాళం తనంతట తాను వెనక్కి రాకపోతే ఇక సందేహమే లేదు. అప్పటి ఆడి, ఫోక్స్‌వ్యాగన్ కార్లలో వాడిన స్విచ్చే ఇది, వాటి పేరుతో అడిగితే చాలా చవక. రెండు చిన్న స్క్రూలు వదులు చేస్తే వచ్చేస్తుంది. అసలు కష్టమంతా డాష్‌బోర్డు కింద తలకిందులుగా పడుకోవడంలోనే ఉంది.

వాన పడ్డాక అన్నీ పిచ్చిపట్టినట్టు

రిమోట్ పనిచేయదు, అలారం తనే మోగుతుంది, లైట్లు ఇష్టమొచ్చినట్టు వెలుగుతాయి. కార్పెట్ కింద చెయ్యి పెట్టి చూడండి. తడిగా ఉంటే తాళం తిప్పకండి, ముందు బ్యాటరీ తీగ తీసేయండి. అమెరికా కార్లలో డ్రైవరు సీటు కింద పల్లంలో ఇమ్మొబిలైజర్ (సరైన తాళం చెవి లేనిదే ఇంజను స్టార్ట్ కానివ్వనిది), అలారం కంప్యూటర్ ఉంటుంది. నీళ్ళు చేరేదీ అక్కడికే. తడి మీద కరెంటు ఇస్తే అది కాలిపోతుంది. కొత్తది తెచ్చి తాళాలకు కోడింగ్ చేయించడం పెద్ద ఖర్చు.

నీళ్ళు రావడానికి కారణం సాఫ్ట్ టాప్ (మడిచే గుడ్డ పైకప్పు) డ్రెయిన్లు, అంటే వాన నీళ్ళు బయటికి పోయే దారులు, ఆకులతో పూడుకుపోవడం. టాప్ సగం తెరిచి, రెండు వైపులా మడత కీళ్ళ దగ్గర చూస్తే రంధ్రాలు కనబడతాయి. మెత్తటి నైలాన్ తీగతో నెమ్మదిగా తీయండి. గాలి కొడితే లోపలి గొట్టం ఊడిపోవచ్చు. ముందు బ్యాటరీ మూత చుట్టూ ఉన్న డ్రెయిన్లు కూడా చూడండి. న్యూజెర్సీలో చెట్టు కింద ఆపేవాళ్ళు ఆకులు రాలే కాలం అయ్యాక ఒకసారి, వానల ముందు ఒకసారి ఈ పని పెట్టుకోవాలి.

బ్రేక్ తొక్కినప్పుడు పీఎస్ఎమ్ (కారు జారకుండా అదుపు చేసే ఏర్పాటు) లైటు

పెడల్ మీదున్న బ్రేక్ లైట్ స్విచ్‌తో మొదలుపెట్టండి. క్రూయిజ్ కంట్రోల్ కూడా పనిచేయడం మానేసి ఉంటే దాదాపు అదే. బ్యాటరీ తీగ ఊడదీశాక ఈ లైటు వస్తే మాత్రం కంగారు వద్దు, స్టీరింగ్ ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పి కొంచెం దూరం నడపండి. నడుస్తున్నప్పుడు ఏబీఎస్ లైటు వస్తుంటే చక్రం దగ్గరి స్పీడ్ సెన్సర్, దాని తీగ, చక్రం బేరింగ్ చూడాలి. బేరింగ్ ఊగుతుంటే సెన్సర్ ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు.

ఎయిర్‌బ్యాగ్ లైటు

సీటు జరిపితే వస్తోందంటే సీటు కింద ప్లగ్గో, బెల్టు బకిల్ స్విచ్చో. మామూలు కోడ్ రీడర్ ఈ కోడ్‌ను చూడలేదు, చెరపలేదు. డ్యూరామెట్రిక్ లాంటి, పోర్షే కార్ల కోసమే చేసిన సాఫ్ట్‌వేర్ కావాలి. పసుపు రంగు ప్లగ్గులు ఎయిర్‌బ్యాగ్‌వి. బ్యాటరీ తీగ తీసి కొన్ని నిమిషాలు ఆగనిదే వాటిని ముట్టుకోవద్దు. ఊడదీసిన ప్లగ్గు తిరిగి తగిలించకుండా తాళం ఆన్ చేస్తే ఇంకో కోడ్ పడుతుంది. ఈ పని మీద నమ్మకం లేకపోతే మెకానిక్‌కే ఇవ్వండి.

టెంపరేచర్ గేజిలో లైటు మినుకుమినుకు

ముల్లు మామూలుగానే ఉండి, లైటు మాత్రం మెల్లగా మినుకుమంటే కూలెంట్ తగ్గి ఉండాలి, లేదా ట్యాంకులోని లెవెల్ సెన్సర్ పాడై ఉండాలి. సెన్సరేలే అని వదిలేయకండి. ఇంజను చల్లారాక వెనక డిక్కీలో ట్యాంకు మూత తీసి చూడండి, కింద కార్పెట్ తడిగా ఉందేమో తడమండి. ట్యాంకు చీలి అక్కడ కారడం ఈ కార్లలో తెలిసిన జబ్బే. లెవెల్ నిండుగా ఉండి, ఎక్కడా తడి లేకపోతేనే సెన్సర్ కొనండి. లైటుతో పాటు ముల్లు కూడా పైకి పోతుంటే మాత్రం పక్కకు ఆపి ఇంజను కట్టేయండి, ఇంటిదాకా నడపాలని చూడకండి.