అల్లిన డ్రెస్ ఒంటికి అమరకపోతే ఎక్కడ వెతకాలి

డ్రెస్ అమరలేదని ఎవరు తెచ్చినా ముందు శాంపిల్ ముక్క, అంటే కొలత కోసం అదే దారంతో ముందుగా అల్లి చూసుకున్న చిన్న ముక్క, చూపించమంటాను. చాలామంది దగ్గర అది ఉండదు. ఉన్నవాళ్లు కూడా అరచేతిలో సగం ముక్క అల్లి, సూది మీద ఉండగానే స్కేలు పెట్టి చూసి, "గేజ్ కరెక్టుగానే వచ్చిందండీ" అంటారు. గేజ్ అంటే 10 సెం.మీ.లో ఎన్ని కుట్లు, ఎన్ని వరసలు పడుతున్నాయో ఆ లెక్క. నెలల తరబడి కూర్చుని అల్లే బట్ట కోసం ఒక్క సాయంత్రం కేటాయించడానికి ఎందుకంత బద్ధకమో! సీదా, ఉల్టా, పెంచడం, తగ్గించడం, గుండ్రంగా అల్లడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

సమస్య: డ్రెస్ మొత్తం వదులు, లేదా మొత్తం బిగుతు

కారణం గేజే, ఇంకేమీ వెతకక్కర్లేదు. ప్యాటర్న్ (ఎలా అల్లాలో చెప్పే కాగితం) 10 సెం.మీ.కి 22 కుట్లు అడిగింది, ఛాతీ 92 సెం.మీ. రావాలి అనుకుందాం. అంటే 202 కుట్లు. మీ చేతికి 20 కుట్లే వస్తుంటే అవే 202 కుట్లు 101 సెం.మీ. అవుతాయి. "రెండు కుట్లే కదా తేడా" అని వదిలేస్తే 9 సెం.మీ. వదులు మిగిలింది.

సూది నంబరు కూడా ఒకసారి చూడండి. అమెరికాలో ఉన్న చెల్లెలో వదినో ప్యాటర్న్ పంపిస్తే అందులో 8వ నంబరు సూది అంటే 5 మి.మీ. మన షాపుల్లో వాడే పాత బ్రిటిష్ లెక్కలో 8వ నంబరు అంటే 4 మి.మీ. పైగా అక్కడ నంబరు పెరిగితే సూది లావెక్కుతుంది, ఇక్కడ సన్నబడుతుంది. నంబర్లు మర్చిపోయి మిల్లీమీటర్లు చూసుకుంటే ఈ గొడవే ఉండదు. ఇంకొకటి: డ్రెస్ గుండ్రంగా అల్లుతూ శాంపిల్ మాత్రం అటూ ఇటూ తిప్పి అల్లకండి. అలా తిప్పినప్పుడు వచ్చే ఉల్టా వరస చాలామందికి కాస్త వదులుగా పడుతుంది, కొలత మారిపోతుంది.

పరిష్కారం: సూది మార్చండి. లేదా బట్ట మెత్తదనం మీకు నచ్చితే సూది అలాగే ఉంచి సైజు మార్చండి. 20 కుట్ల గేజ్‌తో 92 సెం.మీ. రావాలంటే 184 కుట్లు కావాలి. ప్యాటర్న్‌లో దానికి దగ్గరగా ఏ సైజు ఉంటే ఆ సైజు కుట్ల లెక్కతో అల్లండి, పొడవులు మాత్రం మీ కొలతలవే వాడండి.

సమస్య: భుజాలు జారుతున్నాయి, లేదా ముందు అంచు పైకి లేస్తోంది

నిండు ఛాతీ కొలతతో సైజు ఎంచుకున్నారు. ఆ కొలతకి తగ్గట్టు మెడ, భుజాలు కూడా పెరిగిపోయాయి. టేపు చంకల కిందుగా, ఛాతీకి పైభాగంలో చుట్టి ఆ కొలతతో సైజు తీసుకోండి. మిగతాది ముందు భాగంలో కలపాలి. జాకెట్టు కుట్టే టైలర్‌ని డార్ట్ (ఛాతీ ఒంపు కోసం వేసే మడత కుట్టు) లేకుండా కుట్టమని అడిగి చూడండి, ఏమంటాడో. అల్లికలో ఆ డార్ట్ పని షార్ట్ రోలు, అంటే చివరిదాకా వెళ్లకుండా మధ్యలోనే వెనక్కి తిప్పి అల్లే పొట్టి వరసలు, చేస్తాయి.

భుజం మీద నుంచి ఛాతీ మీదుగా నడుము దాకా ఒక కొలత, అదే భుజం నుంచి వెనక వైపు నడుము దాకా ఒక కొలత తీసుకోండి. తేడా 5 సెం.మీ. వచ్చి, గేజ్ 10 సెం.మీ.కి 30 వరసలైతే 15 వరసలు అదనంగా కావాలి. షార్ట్ రోలు జంటగా వస్తాయి కాబట్టి 14 లేదా 16 వేసుకోండి. వెనక అంచు పైకి లేస్తుంటే ఇదే పని నడుము కింద, వెనక వైపు చేయండి.

సమస్య: అల్లినప్పుడు కొలతలన్నీ సరే, వేసుకున్నాక నడుము కిందికి దిగింది, హిప్ దగ్గర పట్టేసింది

అందరినీ తప్పుదారి పట్టించేది ఇదే. చూడగానే "నా హిప్ కొలత తప్పు రాసుకున్నాను" అనిపిస్తుంది. వెంటనే స్కర్టు విప్పి, హిప్ దగ్గర కుట్లు పెంచి మళ్లీ అల్లుతారు. ఈసారి నడుము ఇంకా కిందికి దిగుతుంది. ఎందుకంటే జబ్బు హిప్‌ది కాదు, బరువుది. స్వెట్టర్‌కి ఈ సమస్య అంతగా రాదు. డ్రెస్‌కి కింద స్కర్టంతా వేలాడుతూ పై భాగాన్ని లాగుతుంది. అల్లిక బట్ట నిలువుగా సాగితే అడ్డంగా కుంచించుకుపోతుంది. అందుకే పొడవు పెరిగిన డ్రెస్సే హిప్ దగ్గర బిగుస్తుంది. కుట్లు పెంచితే బరువు పెరుగుతుంది, బరువు పెరిగితే ఇంకా సాగుతుంది.

ముందు ఇదేనో కాదో తేల్చుకోండి. డ్రెస్‌ని మంచం మీద పరిచి, లాగకుండా, భుజం నుంచి నడుము దాకా కొలవండి. తర్వాత వేసుకుని అద్దం ముందు నిలబడి అదే కొలత ఇంకొకరి చేత తీయించండి. పరిచినప్పుడు ప్యాటర్న్ చెప్పిన కొలతే ఉండి, వేసుకున్నాక మూడు సెం.మీ. దాటి పెరిగితే అది బరువు పనే. పరిచినప్పుడే ఎక్కువ ఉంటే మీ వరసల గేజ్ తప్పు, లేదా ఉతికాక నూలు సాగింది.

మన ఎండలకి అందరూ నూలు దారమే కొంటారు. నూలుకి ఉన్ని లాగా సాగి వెనక్కి వచ్చే గుణం లేదు, బరువూ ఎక్కువ. వెదురు దారం, విస్కోస్ అయితే మరీ జారిపోతాయి. మెషీన్‌లో ఉతకొచ్చని లేబుల్ ఉండే సూపర్‌వాష్ ఉన్ని కూడా తడిస్తే బాగా పెరుగుతుంది.

అల్లక ముందే పట్టుకోవాలంటే శాంపిల్ కనీసం 16 సెం.మీ. వెడల్పు, అంతే పొడవు ఉండాలి. ఉతికి, పరిచి ఆరబెట్టి కొలవండి. తర్వాత పై అంచుని బట్టల క్లిప్పులతో హ్యాంగర్‌కి తగిలించి, కింది అంచులోంచి ఒక సూది దూర్చి, దానికి బరువు కట్టండి. ఎంత బరువు అంటే: డ్రెస్‌కి 600 గ్రాముల దారం పడుతుందనుకుంటే, నడుము కింద సుమారు 360 గ్రాములు ఉంటుంది. నడుము చుట్టుకొలత 80 సెం.మీ. అయితే ప్రతి సెంటీమీటరూ 4.5 గ్రాములు మోస్తోంది. 16 సెం.మీ. ముక్కకి 72 గ్రాములు. చిన్న కవర్‌లో బియ్యం తూచి కట్టి, రాత్రంతా వేలాడనిచ్చి, దించకుండా వరసలూ కుట్లూ రెండూ కొలవండి. ఇది పై భాగానికి. స్కర్టులో బరువు నడుము దగ్గర పూర్తిగా ఉండి అంచు దగ్గర సున్నా అవుతుంది కాబట్టి దానికి సగం బరువు కట్టి ఇంకోసారి చూడండి.

పరిచినప్పుడు 10 సెం.మీ.కి 30 వరసలు, వేలాడితే 27, సగం బరువుకి 28.5 వచ్చాయనుకోండి. భుజం నుంచి నడుముకి 40 సెం.మీ. కావాలంటే 120 వరసలు కాదు, 108 అల్లాలి. స్కర్టు 60 సెం.మీ.కి 180 బదులు 171. పాత లెక్కతోనే అల్లి ఉంటే నడుము 4 సెం.మీ. పైన, కింది అంచు ఏడున్నర సెం.మీ. దిగేవి. ఆ దిగిన నడుమే హిప్ మీద కూర్చుని పట్టేస్తుంది. వేలాడదీసినప్పటి కుట్ల గేజ్‌తోనే హిప్ కుట్లు కూడా లెక్కేసుకోండి.

సాగడమే మరీ ఎక్కువగా ఉంటే సూది అర మిల్లీమీటరు తగ్గించి మళ్లీ శాంపిల్ అల్లండి. బట్ట గట్టిపడుతుంది.

డ్రెస్ అయిపోయాక తెలిస్తే? ముందు ఉతికి, తువ్వాలులో చుట్టి నీళ్లు నొక్కేసి, చాప మీద పరిచి ఆరబెట్టండి. దండెం మీద వేయొద్దు. నీళ్లు పీల్చిన నూలు డ్రెస్‌ని దండెం మీద వేలాడదీసి, తర్వాత దారాన్ని తిట్టేవాళ్లని చాలామందిని చూశాను. బీరువాలో కూడా మడత పెట్టండి, హ్యాంగర్ వద్దు.

అప్పటికీ దిగుతుంటే లోపలి వైపు రెండు భుజాలకీ, వెనక మెడకీ సాగని నూలు టేపు చేత్తో కుట్టండి. పై నుంచి కిందికి అతుకు లేకుండా అల్లిన డ్రెస్‌లకి ఇది తప్పనిసరి అంటాను, భుజం దగ్గర బరువు మోయడానికి వాటికి వేరే ఆధారం ఉండదు. నడుము లోపల మీ కొలతకి సరిపడా ఒక రిబ్బన్ కలిపితే, స్కర్టు బరువు కొంత నడుమే మోస్తుంది.

ఇవేవీ చాలకపోతే అదనపు వరసలు తీసేయాల్సిందే. నడుముకి పైన తగ్గింపులు లేని సాదా చోట ఒక కుట్టు కత్తిరించి, ఆ వరస దారం లాగేయండి. డ్రెస్ రెండు ముక్కలవుతుంది. భయపడకండి, రెండు వైపులా కుట్లు సూదులకి ఎక్కించండి. అల్లిక చివరి వైపు నుంచే సాఫీగా విడిపోతుంది కాబట్టి, పై నుంచి అల్లిన డ్రెస్‌లో పై ముక్క నుంచి, కింది నుంచి అల్లినదైతే కింది ముక్క నుంచి వరసలు విప్పండి. కుట్ల లెక్క రెండు వైపులా సమానమని చూసుకుని, మొద్దు సూదితో కుట్టుకి కుట్టు కలపండి. టీవీ ముందు కూర్చుని చేసే పని కాదు.

మిగతావి

పక్కల గీత మెలితిరిగి ముందుకి వస్తే ఒంటి పోగు దారం, పురి ఎక్కువ. తర్వాతి డ్రెస్‌కి రెండు మూడు పోగులది కొనండి. చంక కింద చిల్లులు పడితే విడిచిన దారం కొసతో లోపల్నుంచి బిగించేయండి. యాక్రిలిక్ డ్రెస్ ఉన్నట్టుండి జావగారినట్టు సాగిపోతే ఎవరో వేడి ఇస్త్రీపెట్టె పెట్టారు, అది మళ్లీ మామూలు కాదు. గుండ్రంగా కలిపేటప్పుడు మొదటి వరస మెలిక పడి ఉంటే మొత్తం విప్పడమే.